మనస్తత్వశాస్త్రంలో పరిశోధనకు దిగుతున్న మేనకోడలికి

విశాఖపట్నం

చిరంజీవి మేనకోడలికి అత్తయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం మొన్న సాయంత్రం అందింది. ఒకసారి చదివి పక్కన పెట్టి, రాత్రి భోజనమయ్యాక మళ్లీ చదివాను. ఎం.ఎస్‌సీ. పూర్తయింది, పీహెచ్‌డీకి దరఖాస్తు పెట్టాలి, ఏ శాఖ తీసుకోవాలో తేలడం లేదని రాశావు. మీ నాన్న మానసిక రోగుల చికిత్సకు సంబంధించిన క్లినికల్ శాఖ తప్ప మరొకటి వద్దంటున్నాడు. నీ స్నేహితురాలు కంపెనీల్లో ఉద్యోగాలు దొరుకుతాయని, పనిచేసే చోట మనుషుల మనస్తత్వాన్ని చూసే ఆర్గనైజేషనల్ శాఖ వైపు లాగుతోంది. నీకేమో చిన్నపిల్లలంటే ఇష్టం. ముప్పయ్యేళ్లకు పైగా ఈ ఊళ్లో సైకాలజీ పాఠం చెప్పినదాన్ని కాబట్టి నన్ను తేల్చమన్నావు.

శాఖ పేరు నేను చెప్పను తల్లీ. ఏ మనుషుల గురించి, ఏ సంగతి తెలుసుకోకపోతే నీకు నిద్ర పట్టదో అది ముందు చెప్పు. శాఖ ఆ తర్వాత దానంతట అదే తేలుతుంది. శాఖను ముందు పెట్టుకుని ప్రశ్న కోసం వెతికిన విద్యార్థులు నా దగ్గర చాలామంది ఉండేవారు. రెండో ఏడు వచ్చేసరికి వాళ్లలో సగం మందికి తాము రాసుకున్న పరిశోధన ప్రణాళిక, అదే సినాప్సిస్, తీసి చదవాలన్నా విసుగు పుట్టేది.

ముందు మీ నాన్న మాట చూద్దాం. సైకాలజీ అనగానే ఈ ఊళ్లో చాలామందికి చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాల గుర్తొస్తుంది. మీ నాన్న ఆలోచనా అక్కడి నుంచి వచ్చినదే, దాన్ని తప్పుపట్టను. కానీ చికిత్స చేయాలన్న కోరిక వేరు, చికిత్స గురించి పరిశోధించాలన్న కోరిక వేరు. మొదటిదే నీ కోరికైతే భారత పునరావాస మండలి గుర్తించిన క్లినికల్ శిక్షణకు వెళ్లు, దానికి పీహెచ్‌డీ పట్టా బదులు కాదు. ఆ శిక్షణ లేకుండా పేరు ముందు డాక్టర్ అని రాసుకుని, జబ్బు పేరు చెప్పి వైద్యం మొదలుపెట్టిన వాళ్లను చూశాను. వాళ్ల దగ్గరికి వెళ్లి నష్టపోయిన కుటుంబాలనూ చూశాను. నువ్వు ఆ దారిలో పోకూడదు.

ఇక మిగతా శాఖల సంగతి. పుస్తకంలో అధ్యాయాలుగా చదివినప్పుడు అవన్నీ ఎక్కడో జర్మనీలోని లైప్‌జిగ్‌లోనో అమెరికాలోనో పుట్టినట్టు కనిపిస్తాయి. 1879లో విల్‌హెల్మ్ వుంట్ మనస్తత్వశాస్త్ర ప్రయోగశాల పెట్టింది లైప్‌జిగ్‌లోనే, నిజమే. కానీ మన నేల మీద పుట్టిన ప్రశ్నలు ఈ శాస్త్రాన్ని ఎంత కదిలించాయో మన తరగతి గదుల్లో సరిగా చెప్పరు. నాకు బాగా ఇష్టమైన ఉదాహరణ ఒకటి చెబుతాను.

1934 జనవరి 15న బిహార్‌లో పెద్ద భూకంపం వచ్చింది. ఆ తర్వాత జనం నోట తిరిగిన వదంతులను జమునా ప్రసాద్ అనే పరిశోధకుడు ఓపికగా సేకరించి, 1935లో వ్యాసం ప్రచురించారు. కొన్ని చోట్ల భూమి కంపించింది గానీ ఇల్లు కూలలేదు, మనిషి పోలేదు. అలాంటి చోట్ల పుట్టిన వదంతులు చూడు: పెద్ద తుపాను రాబోతోందట, ఫలానా తేదీన ప్రళయమట. భయపడిన మనుషులు ఇంకా భయపెట్టే మాటలను ఎందుకు నమ్మారు? తర్వాత కొండచరియలు విరిగిపడిన డార్జిలింగ్‌లో దుర్గానంద్ సిన్హా ఇలాంటి పరిశీలనే చేసి 1952లో ప్రచురించారు. విధ్వంసాన్ని కళ్లారా చూసిన అక్కడి వాళ్లలో అలాంటి వదంతులు కనిపించలేదు. అమెరికాలో లియోన్ ఫెస్టింగర్ ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూశాడు. మనసులో భయం ఉంది, కంటి ముందు దానికి తగిన కారణం లేదు. ఆ పొంతన లేకపోవడాన్ని మనసు భరించలేక కారణాన్ని తానే తయారుచేసుకుంటుందని అతనికి తోచింది. 1957లో వచ్చిన అతని వైరుధ్య (కాగ్నిటివ్ డిసొనెన్స్) సిద్ధాంతానికి మొలక అక్కడుంది. ఆ సిద్ధాంతం నువ్వు పరీక్షల కోసం బట్టీ పట్టి ఉంటావు. దాని వేరు బిహార్‌లో ఉందని నీకు ఎవరైనా చెప్పారా?

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మన మీద పడ్డప్పుడు నాకు గుర్తొచ్చింది ప్రసాద్ గారే. కరెంటు లేదు, ఫోన్లు లేవు, వీధి నిండా కూలిన చెట్లు. వెనకే ఇంకో తుపాను బయలుదేరిందన్న మాట మా వీధిలోనూ వినిపించింది. ఆ మాట ఏ వీధుల్లో నిలిచింది, ఏ వీధుల్లో పుట్టీ పుట్టకుండానే పోయిందన్నది నేను రాసి పెట్టుకోలేదు. పాఠం చెప్పినదాన్నే, ఎదురుగా జరుగుతుంటే కాగితం మీద పెట్టలేదన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది. నువ్వు ఈరోజే ఒక నోటుపుస్తకం కొనుక్కో. కళ్ల ముందు జరిగినదాన్ని తేదీతో సహా రాయి.

పిల్లలంటే ఇష్టమన్నావు కదా, అది మరీ పెద్ద మాట. ఏ పిల్లలు, ఏం చేస్తున్నప్పుడు? పాడేరు వైపు బడులకు వెళ్లి చూడు. ఇంట్లో కువి భాషో ఆదివాసీ ఒడియానో మాట్లాడే పిల్ల బడిలో తెలుగు వాచకం తెరుస్తుంది. ఒడిశాలో అజిత్ మహంతి కోందులనే గిరిజనుల పిల్లల మధ్య ఏళ్ల తరబడి పనిచేశారు. కొన్ని ఊళ్లలో కోందులు తమ భాష కుయి, ఒడియా రెండూ మాట్లాడతారు. మరికొన్ని ఊళ్లలో కుయి పోయి ఒడియా ఒక్కటే మిగిలింది. తెగ ఒకటే, బతుకు ఒకటే, తేడా భాషల్లో మాత్రమే. రెండు భాషల పిల్లలు భాష గురించి ఆలోచించే పనుల్లో ముందున్నారని ఆయన చూపించారు. తల్లిభాష పిల్లల చదువుకు అడ్డం అనే పెద్దమనుషులకు ఇంతకంటే గట్టి జవాబు నాకు తెలియదు.

ఇదే దారి వయసు మళ్లినవాళ్ల దగ్గరికీ పోతుంది. హైదరాబాదు నిమ్స్‌లో సువర్ణ అల్లాడి గారి బృందం 648 మంది డిమెన్షియా (మతిమరుపు జబ్బు) రోగుల వివరాలు పరిశీలించి 2013లో ప్రచురించింది. ఒక్క భాషే వచ్చినవారి కంటే, ఒకటికి మించి భాషలు వచ్చినవారిలో జబ్బు లక్షణాలు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలయ్యాయి. చదవడం, రాయడం రానివారిలో కూడా ఈ తేడా కనిపించింది కాబట్టి, ఇది చదువు చేసిన మేలు అని తోసిపారేయడానికి లేదు. ఇప్పుడు చెప్పు, ఇది న్యూరో సైకాలజీయా, భాషా మనస్తత్వశాస్త్రమా, వార్ధక్య పరిశోధనా? ఆ ముద్ర కోసం ఆగి ఉంటే ఆ పని మొదలయ్యేదే కాదు.

ఇంకో ప్రశ్న నా మనసులో చాలా ఏళ్లుగా ఉంది, చేసే ఓపిక నాకు లేదు. కొందరు పరిశోధకులు తమిళనాడులో 464 మంది చెరకు రైతులకు ఆలోచనా శక్తి పరీక్షలు పెట్టి, ఫలితాలను 2013లో ప్రచురించారు. కోతకు ముందు చేతిలో డబ్బు లేని రోజుల్లో ఒకసారి, కోత అయి డబ్బు అందాక మరోసారి. ముందరి రోజుల్లో అదే రైతులకు తక్కువ మార్కులు వచ్చాయి. దాని మీద తర్వాత వాదాలు జరిగాయి, జరగాలి కూడా. అయితే మన తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేట ఆగిపోతుంది. ఫిషింగ్ హార్బరులో బోట్లన్నీ ఒడ్డుకు చేరి వరసగా నిలబడతాయి. ఏ ప్రయోగశాలలోనూ సృష్టించలేని పోలిక, ఏటా మన కళ్ల ముందు నడుస్తుంది. ఆ రెండు నెలల్లో అప్పు తీసుకునేటప్పుడు, పిల్లల ఫీజు గురించి ఆలోచించేటప్పుడు పడవ మీద పనిచేసే ఒక కళాసీ మనసు ఎలా పనిచేస్తుంది? ఉక్కు కర్మాగారంలో రాత్రి షిఫ్టు, పోర్టులో క్రేన్ నడిపేవాడి ఏకాగ్రత, ఇవీ ఇలాంటి ప్రశ్నలే. నీ స్నేహితురాలు చెప్పిన శాఖ ఇక్కడ కనిపిస్తుంది చూడు, కంపెనీ మేనేజర్ల గదుల్లోనే ఉండనక్కర్లేదు.

ఇప్పుడు అసలు చెప్పాలనుకున్న సంగతి. ఏ శాఖ అయినా నువ్వు చివరకు మాటలతోనే పనిచేస్తావు. స్కేలు, అంటే మనసును కొలిచే ప్రశ్నావళి, ఇంగ్లీషులో ఉంటుంది, దాన్ని తెలుగులోకి మార్చి, మరొకరి చేత తిరిగి ఇంగ్లీషులోకి మార్పించి, రెండూ సరిపోయాయంటే చాలనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను.

నా థీసిస్ రోజుల్లో జాలారిపేటలో చేపలమ్మే ఆడవాళ్ల దగ్గరికి ప్రశ్నావళి పట్టుకుని వెళ్లేదాన్ని. అందులో ఒక వాక్యం: "నా భవిష్యత్తు మీద నాకు ఆశ లేదు." పూర్తిగా ఒప్పుకుంటారా, కొంత ఒప్పుకుంటారా, ఒప్పుకోరా? ఒక పెద్దావిడ గంప దించి నా పక్కన కూర్చుని, "రేపటి మాట గంగమ్మ తల్లికి తెలియాలి గానీ మనం ఆశపడితే వస్తుందా అమ్మా" అంది. నేను "పూర్తిగా ఒప్పుకుంటారు" గడిలో టిక్కు పెట్టాను. ఇంకో అరవై డెబ్బై మంది దగ్గర ఇలాంటి జవాబే వచ్చింది. లెక్క కడితే ఆ పేట అంతా తీవ్రమైన కుంగుబాటులో ఉన్నట్టు తేలింది. ఆ పేటలో పొద్దున నాలుగింటికి లేచి, హార్బరులో వేలంపాట పాడి, నవ్వుతూ దెబ్బలాడుతూ మధ్యాహ్నానికి సరుకంతా అమ్మే మనుషులను నేను రోజూ చూస్తున్నాను. నా కళ్లు ఒకటి చెబుతున్నాయి, నా కాగితాలు మరొకటి. ఆవిడ చెప్పింది నిరాశ కాదు, సముద్రం మీద బతికేవాళ్లకు రేపటితో ఉండే సంబంధం. రెండు వందల ఫారాలు పక్కన పెట్టి మళ్లీ మొదలుపెట్టాను. ఏడాది పోయింది. పోయినా, ఆ ఏడాదిలో నేర్చుకున్నదే నా థీసిస్‌లో పనికొచ్చే భాగం.

అందుకే చెబుతున్నాను, స్కేలు పట్టుకునే ముందు మూడు నెలలు మాటలు ఏరు. దిగులు, బెంగ, గుబులు, కలత, బెరుకు, ఇవన్నీ ఒకటి కావు. దిగులు ఊరికే కూడా వస్తుంది. బెంగకు మాత్రం ఎదురుగా ఎవరో ఉండాలి, ఎక్కడో దూరంగా ఉన్నవాళ్లు. తల్లి ఊరెళితే పిల్ల బెంగపెట్టుకుని జ్వరం తెచ్చుకుంటుంది, ఇంటి పెద్దలు అది బెంగ జ్వరమని గుర్తుపడతారు. మన ప్రశ్నావళుల్లో ఈ మాటకు చోటేది? సగం ఆందోళన కింద, సగం కుంగుబాటు కింద చీలిపోతుంది. ఎంవీపీ కాలనీలో పిల్లలంతా అమెరికాలో ఉండి, ముసలి దంపతులు ఇద్దరే ఉన్న ఇళ్లు ఎన్నో. నావికాదళం క్వార్టర్లలో భర్త నెలల తరబడి సముద్రం మీద ఉండే ఇళ్లు మరెన్నో. బెంగను బెంగగానే కొలిచే స్కేలు ఒకటి తెలుగులో తయారు చేస్తే, అది ఏ శాఖదో నిర్ణయించే పని వైవాలో నీ థీసిస్‌ను పరీక్షించడానికి వచ్చేవాళ్లకు వదిలేయి. నాకు వయసు ఉంటే నేనే మొదలుపెట్టేదాన్ని.

పద్ధతి గురించి ఒక మాట. ఇక్కడి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో 1960ల చివర కె. రామకృష్ణారావు గారు పారాసైకాలజీకి విభాగం నెలకొల్పారని నీకు తెలుసు. మనసు ఇంద్రియాలు దాటి చూడగలదా అన్నది అక్కడి ప్రశ్న. చూడగలదని నేను నమ్మను, మళ్లీ మళ్లీ చేసినా నిలిచే రుజువు నాకు కనిపించలేదు. కానీ ఈ ప్రశ్న మొత్తం శాస్త్రానికి ఒక మేలు చేసింది. 2011లో డారిల్ బెమ్ అనే పేరున్న ఆచార్యుడు జరగబోయేది ముందే తెలుస్తుందని తొమ్మిది ప్రయోగాలతో వ్యాసం ప్రచురించాడు. అతను వాడినవి అందరూ వాడే పద్ధతులే. వాటితో ఇంత నమ్మశక్యం కాని ఫలితం కూడా వస్తే, మిగతా ఫలితాల సంగతేమిటని అందరికీ భయం పట్టుకుంది. మనస్తత్వశాస్త్రంలోని వంద అధ్యయనాలను మళ్లీ చేసి చూసి 2015లో ప్రచురించిన ఫలితాల్లో, గణాంకాల ప్రకారం నిలబడినవి 36 శాతమే. కాబట్టి డేటా చేతికి రాకముందే నీ ఊహ ఏమిటి, ఎంతమందిని తీసుకుంటావు, ఏ లెక్క కడతావు అన్నీ రాసి, తేదీ వేసి, బయట అందరికీ కనిపించే చోట నమోదు చేయి. లెక్క నీకు అనుకూలంగా రాకపోతే రాలేదనే రాయి. గైడు ఎవరైనా ఇంకో రకంగా లెక్క కట్టి చూడమంటే, ఎందుకని మర్యాదగా అడుగు.

ఇంకొకటి, ఇది మాత్రం ఆజ్ఞ అనుకో. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్ ఆర్ వెంకటాపురంలో ఫ్యాక్టరీ నుంచి లీకైన స్టైరీన్ అనే విష రసాయనం ఆవిరి కమ్మిన ఇళ్లకు, ఇంటర్వ్యూ కావాలని వెళ్లకు. నిద్రలో లేచి పరుగెత్తిన మనిషిని ఆ రాత్రి మళ్లీ చెప్పమని అడిగే ముందు, అడిగాక ఆ మనిషి వణికితే పక్కన కూర్చునే శిక్షణ పొందినవాళ్లు నీ వెంట ఉన్నారా? నువ్వు తీసుకున్నదానికి బదులు ఆ వీధికి ఏమైనా తిరిగి ఇవ్వగలవా? ఈ రెండింటికీ జవాబు లేనంతకాలం, ఎథిక్స్ కమిటీ అనుమతి కాగితం చేతిలో ఉన్నా సరే, వెళ్లవద్దు. సమ్మతి పత్రం కూడా చదివి వినిపించేటట్టు చిన్న తెలుగు వాక్యాల్లో రాయి. వేలిముద్ర వేసే మనిషికి వద్దనే హక్కు ఉందని ముందు ఆ మాటే చెప్పు.

వచ్చే ఆదివారం రా. తెల్లవారకముందే బయలుదేరితే హార్బరులో వేలంపాట మొదలయ్యే వేళకు అక్కడుంటాం. నీ ప్రశ్న ఒకే పేజీలో, చేతిరాతతో తీసుకురా. నా పాత ఫారాలు రెండు వందలూ బీరువాలో అలాగే ఉన్నాయి, ఆ పెద్దావిడ జవాబు మార్జిన్లో పెన్సిలుతో రాసి ఉంది. నీకు చూపిస్తాను.

అత్తయ్య