పెళ్లి ముందా, పిచ్చి ముందా?

ప్రశ్న: ప్రోగ్రాములను సోర్సు కోడ్ నుంచి మన యంత్రంలోనే తయారు (బిల్డ్) చేసుకునే జెంటూ లినక్స్‌ను పాత ల్యాప్‌టాప్‌లో వేసుకుంటున్నాను. అక్షరాలు చూపించే ఫ్రీటైప్ లైబ్రరీ బిల్డ్ కావాలంటే హార్ఫ్‌బజ్ అనే మరో లైబ్రరీ ఉండాలట, హార్ఫ్‌బజ్‌కేమో ఫ్రీటైప్ ఉండాలట. ప్యాకేజీలను బిల్డ్ చేసే ఎమర్జ్ ఆదేశం అక్కడే ఆగిపోతోంది. ఫ్రీటైప్‌లో హార్ఫ్‌బజ్‌ను తీసేయమని మిత్రుడి సలహా. తీసేస్తే తెలుగు ఒత్తులు చెదిరిపోవా?
– ఇంజినీరింగ్ విద్యార్థి, కాకినాడ

జవాబు: పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు, పెళ్లి అయితే గానీ పిచ్చి కుదరదు అన్న సామెత మీ ల్యాప్‌టాప్‌ను చూసే పుట్టినట్టుంది. ఇలాంటి చిక్కు ఎదురైనప్పుడు ముందు అడగవలసింది, ‘కావాలి సరే, ఏ పనికి కావాలి?’ అని.

‘స్త్రీ’ అని రాస్తే సకారం కింద ఏ ఒత్తు ఎక్కడ కూర్చోవాలో తేల్చేది హార్ఫ్‌బజ్. ఆ ఆకారాలను పిక్సెళ్లుగా మార్చేది ఫ్రీటైప్. ఫ్రీటైప్‌లో అక్షరాలు స్పష్టంగా కనిపించేలా సర్దే ఆటోహింటర్ అని ఒక భాగం ఉంది. యూనికోడ్ సంకేతంతో నేరుగా దొరకని ఆకారాలు ఫాంటులో చాలా ఉంటాయి కదా, అవి ఏ లిపికి చెందినవో తెలుసుకోవడానికి అది హార్ఫ్‌బజ్ సాయం అడుగుతుంది. ఫ్రీటైప్‌కు ఉన్న అవసరం అంతే. ఆ సాయం లేకున్నా అది బిల్డ్ అవుతుంది, పని చేస్తుంది. ఒత్తుల కోసం, తెరమీద వాక్యాలను పేర్చే పాంగో వంటి లైబ్రరీలు హార్ఫ్‌బజ్‌నే నేరుగా పిలుస్తాయి. కాబట్టి భయం అక్కర్లేదు.

మీ మిత్రుడు చెప్పింది సగం మందు. హార్ఫ్‌బజ్ యూజ్ ఫ్లాగ్‌ను, అంటే ఆ సదుపాయం కావాలో వద్దో చెప్పే జెంటూ మీటను, ఆ ఒక్క ఆదేశానికే తీసేసి, వన్‌షాట్ ఎంపికతో (మీరు కోరి వేసుకున్న ప్యాకేజీల జాబితాలో చేర్చకుండా) ఫ్రీటైప్‌ను బిల్డ్ చేయండి. తర్వాత హార్ఫ్‌బజ్‌ను బిల్డ్ చేయండి. ఆపైన మామూలు ఫ్లాగులతో ఫ్రీటైప్‌ను మళ్లీ బిల్డ్ చేయండి. ఈ మూడో మెట్టునే అందరూ ఎగ్గొడతారు! తాత్కాలికంగా తీసిన ఫ్లాగును జెంటూ సెట్టింగుల ఫైలైన మేక్‌కాన్ఫ్‌లో శాశ్వతంగా రాసిపెట్టే వాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. పని పూర్తయిందో లేదో ఫ్రీటైప్ లైబ్రరీ ఫైలు మీద ఎల్‌డీడీ (ఒక ఫైలు ఏయే లైబ్రరీలతో ముడిపడిందో చూపే ఆదేశం) నడిపి చూడండి, హార్ఫ్‌బజ్‌తో నేరుగా ముడిపడే ఫ్రీటైప్ అయితే జాబితాలో దాని పేరు కనిపించాలి.

మరో ప్యాకేజీ దగ్గర ఇలాగే ఇరుక్కుంటే, ముందుగా టెస్టులనూ డాక్యుమెంటేషన్‌నూ అనుమానించండి. అసలు ప్రోగ్రాముకు అక్కర్లేని ప్యాకేజీలను తరచుగా అడిగేవి అవే. డెబియన్ అనే మరో లినక్స్‌లో అయితే వాటిని పక్కన పెట్టడానికి నోచెక్, నోడాక్ అనే బిల్డ్ ప్రొఫైళ్లు ఉన్నాయి.

ప్రశ్న: సోర్సు కోడ్‌ను యంత్రానికి అర్థమయ్యేలా మార్చేది కంపైలర్ కదా, జీసీసీ అనే కంపైలర్‌ను సోర్సు నుంచి బిల్డ్ చేయడానికీ ఒక కంపైలర్ కావాలంటున్నారు. ఇక్కడ ఏ ఫ్లాగు తీయాలి?
– ఒక పాఠకురాలు, నిజామాబాద్

జవాబు: ఏ ఫ్లాగూ లేదమ్మా. ఇక్కడ వలయం నిజమైనదే, బయటి నుంచి ఒక పాత కంపైలర్ తెచ్చుకోక తప్పదు. 2013లో వచ్చిన 4.8 వెర్షన్ నుంచి జీసీసీకి సీ ప్లస్ ప్లస్ కంపైలర్ కావాలి. దానికి ముందున్న 4.7కు సీ కంపైలర్ చాలు. గో భాషదీ ఇదే కథ: 2015లో 1.5 వెర్షన్‌తో కంపైలర్‌ను గోలోనే తిరగరాశారు, దాన్ని బిల్డ్ చేయడానికి సీలో రాసిన 1.4 ఉండాలి. తెచ్చుకున్న కంపైలర్ మీద జీసీసీకి పూర్తి నమ్మకం ఉండదు. అందుకే తనను తాను మూడు దశల్లో బిల్డ్ చేసుకుంటుంది. రెండో దశలో, మూడో దశలో వచ్చిన ఆబ్జెక్ట్ ఫైళ్లు సరిపోలకపోతే పని అక్కడే ఆపేస్తుంది.