వ్యాపార సందేహాలు: రెండు లారీల సిమెంటు, 72,600 రూపాయల తగువు

ప్రశ్న: అనంతపురంలో మాది సిమెంటు షాపు. ‘ఏప్రిల్–జూన్‌లో ఎత్తిన సరుకు 400 టన్నులు దాటితే బస్తాకు 15 రూపాయలు, 600 టన్నులు దాటితే 20 రూపాయలు రిబేటు’ అని కంపెనీ స్కీము లెటరు ఇచ్చింది. నా లెక్క 612 టన్నులు, వాళ్ల లెక్క 574. ఎర్రగుంట్ల వైపు నుంచి జూన్ 30 రాత్రి బయల్దేరి, జూలై 1 పొద్దున దిగిన రెండు లారీలను వచ్చే క్వార్టరులో వేశారు. ఏం చేయాలి?

జవాబు: చిక్కంతా ‘ఎత్తిన’ అనే మాట దగ్గరే. బిల్లు తేదీనా, లారీ గేటు దాటిన తేదీనా, మీ గోడౌన్‌లో దిగిన తేదీనా? లెటరులో లేకపోతే డీలర్‌షిప్ అగ్రిమెంటు తిరగేయండి. అందులోనూ లేకపోతే 1930 నాటి సరుకుల విక్రయ చట్టం మీ వైపే మొగ్గుతుంది: సరుకు పంపే పని అమ్మినవారిదైనప్పుడు, లారీకి అప్పగిస్తే కొన్నవారికి అప్పగించినట్టే లెక్క. ఆ రెండు లారీల బిల్లులు, ఈ-వే బిల్లులు (సరుకు రవాణాకు ఆన్‌లైన్లో తీసే జీఎస్టీ పత్రాలు), లారీ రసీదులు బయటికి తీయండి. అన్నిట్లో జూన్ 30 ఉంటే గట్టిగా అడగొచ్చు. బిల్లు జూన్‌లో కొట్టి లోడింగు జూలైలో చేసుంటే మాత్రం మీ వాదన నిలవడం కష్టం.

డబ్బు లెక్కకొద్దాం. టన్నుకు 20 బస్తాలు. వాళ్ల ప్రకారం 11,480 బస్తాలకు 15 చొప్పున 1,72,200. మీ ప్రకారం 12,240 బస్తాలకు 20 చొప్పున 2,44,800. తేడా 72,600. అయితే కంపెనీ ఇంకో మెలిక పెట్టొచ్చు: 20 రూపాయలు 600 టన్నులు దాటాక ఎత్తిన 240 బస్తాలకే అని. అప్పుడు మొత్తం 1,84,800. మీకు అదనంగా వచ్చేది 12,600 మాత్రమే. ‘మొదటి బస్తా నుంచి’ అని లెటరులో రాయించుకోకపోతే వచ్చే తంటా ఇదే. పై స్లాబు (600 టన్నులు దాటితే వచ్చే రేటు) ఇంతకు ముందెప్పుడైనా తగిలి ఉంటే, ఆనాటి క్రెడిట్ నోటు (రిబేటును మీ ఖాతాలో జమ చేస్తూ కంపెనీ ఇచ్చే చీటీ) చూపించండి. మొత్తం బస్తాలకూ ఇచ్చి ఉంటే అదే మీకు ఆధారం. ఆ రెండు లారీల 38 టన్నులను జూన్ క్వార్టరు లెక్కలోకి తెస్తే జూలై–సెప్టెంబరు స్లాబు చెడుతుందేమో కూడా ముందే చూసుకోండి.

రిబేటు రాలేదని బిల్లు డబ్బు మీరే పట్టుకోవద్దు. బాకీ గడువు దాటిందని స్కీమే కొట్టేసే షరతు చాలా లెటర్లలో ఉంటుంది. బ్యాలెన్సు కన్ఫర్మేషన్ (ఎవరికెంత బాకీ అని కంపెనీ పంపే లెక్క) మీద సంతకం అడిగితే ‘జూన్ క్వార్టరు రిబేటు తేడా పెండింగు’ అని రాసి మరీ పెట్టండి. ఉత్త సంతకం పెడితే రేపు ‘మీరు ఒప్పుకున్నారుగా’ అంటారు.

ప్రశ్న: కడపలో పెయింట్ల షాపు. 50,000 రిబేటుకు జీఎస్టీ లేని క్రెడిట్ నోటు వచ్చింది. ఐటీసీ (సరుకు కొన్నప్పుడు కట్టి, మా పన్నులో తగ్గించుకున్న జీఎస్టీ) వెనక్కి కట్టాలా?

జవాబు: అక్కర్లేదు. కంపెనీ తన పన్ను తగ్గించుకోలేదు, మీదీ తగ్గదు. అదే నోటు 18 శాతం జీఎస్టీతో 59,000కు వచ్చి ఉంటే 9,000 ఐటీసీ వెనక్కి కట్టాలి. చేతిలో మిగిలేది రెండు విధాలా 50,000. నోటులో ‘డిస్కౌంటు’ అనే ఉందా అన్నది మాత్రం చూడండి. ‘ప్రచార ఖర్చు’ అని ఉంటే, మీరు కంపెనీకి సేవ చేశారనీ, దానికి జీఎస్టీ బిల్లు మీరే వేయాలనీ అడిగే వీలుంది.

ప్రశ్న: కర్నూలులో ఎలక్ట్రికల్ షాపు. రిబేటుకు బదులు బంగారు నాణెం ఇస్తామంటున్నారు. ఏది మేలు?

జవాబు: క్రెడిట్ నోటే. నాణెం, టీవీ, విదేశీ టూరు లాంటివి ఒకే కంపెనీ నుంచి ఏడాదిలో 20,000 రూపాయలు దాటితే 10 శాతం టీడీఎస్ (ఇచ్చేవారే ముందుగా కోసి కట్టే ఆదాయపు పన్ను) పడుతుంది. వస్తువు రూపంలో ఇస్తే ఆ పన్ను కట్టాకే మీ చేతికివ్వాలి. బిల్లు మీద తగ్గించే డిస్కౌంటుకు, రిబేటుకు ఆ బాధ లేదు.