వీధి బజారుకు వెళ్ళే ముందు

చిరంజీవి అమ్మాయికి, పెద్దమ్మ ఆశీస్సులు.

కొత్తగా వెళ్ళిన మహానగరంలో వీధి బజారులన్నీ తిరిగి చూడాలని ఉందని, అయితే మోసపోతానేమోనని జంకుతున్నానని వ్రాశావు. ఆ జంకు కొంత ఉండటమే మంచిది. నలభై ఏళ్ళుగా ఇలాంటి బజారుల్లో తిరిగినదానిగా నేను గట్టిగా చెప్పేది ఒక్కటే: మొదటి చుట్టులో ఏమీ కొనకుండా ఈ చివరి నుండి ఆ చివరి వరకు నడిచి రా. ఒకే సరుకు నాలుగైదు చోట్ల కనిపిస్తుంది. జనం ముందుగా ఆగే వీధి మొదట్లో ఒక ధర, లోపలికి వెళ్ళాక మరొక ధర పలకడం తరచు జరిగేదే. రెండు మూడు చోట్ల విచారించి ఉంచుకుంటే, రెండవ చుట్టులో బేరమాడేటప్పుడు తడబడవు.

కొనే ఉద్దేశం లేనప్పుడు బేరం మొదలుపెట్టకు. నీవు అడిగిన ధరకు అమ్మేవాడు ఒప్పుకున్నాక వద్దని వెళ్ళిపోవడం మర్యాద కాదు. ఎంతవరకు పెట్టగలవో మనసులో ముందే అనుకుని, దానికి కొంచెం తక్కువ నుండి అడుగు; కుదరకపోతే నవ్వుతూ కదులు. వెనక్కి పిలిస్తే అతనికి ఇంకా గిట్టుబాటు ఉన్నట్టే. పిలవకపోతే, వస్తువు నిజంగా కావలసినదైతే, మొహమాటపడకుండా తిరిగి వెళ్ళి అతను చెప్పిన ధరకే తీసుకో. రోజంతా ఎండలో నిలబడే మనిషి దగ్గర ఆఖరి నాణెం వరకు గీసి బేరమాడటం నాకు ఎన్నడూ నచ్చలేదు.

రంగు చూసి కొనేవాటిని పగటి వెలుతురులోనే కొనాలి. ఎర్రని పరదా కింద పచ్చికాయ కూడా దోరగా పండినట్టు కనిపిస్తుంది. పసుపు దీపాల వెలుగులో నలుపనుకుని నేను మోజుపడి కొన్న గుడ్డ, తెల్లవారి కిటికీ దగ్గర చూస్తే ముదురు నీలంగా తేలింది. అది ఇప్పటికీ పెట్టెలోనే ఉంది.

పాత ఇత్తడి సామానంటే నీకు ఇష్టం గనుక చిన్న అయస్కాంతం ఒకటి వెంట ఉంచుకో. ఇత్తడికి అది అంటుకోదు; అంటుకుంటే లోపల ఇనుము ఉండి, పైన పూత వేశారన్నమాట. వెండిపై 925 అనే ముద్ర నూటికి 92.5 పాళ్ళ స్వచ్ఛతను తెలుపుతుంది, కాని ముద్రను ఎవరైనా కొట్టవచ్చు. కనుక వెండి బంగారాలను వీధిలో కొనకపోవడమే మేలు. బిల్లు లేని పాత ఫోను ఎంత చవకగా వచ్చినా ముట్టుకోకు. బిల్లు ఉన్నా *#06# నొక్కి, తెరపై వచ్చే 15 అంకెల ఐఎంఈఐ సంఖ్య (ఏ ఫోనుకు ఆ ఫోనుకు విడిగా ఉండే గుర్తింపు సంఖ్య) బిల్లులోని సంఖ్యతో సరిపోతున్నదో లేదో చూడు. తూకం వేయించేటప్పుడు, సరుకు పెట్టకముందు కాటా సున్నా చూపుతోందా అని ఒక చూపు వేస్తే చాలు.

చిల్లర వేరే జేబులో, పెద్ద నోట్లు లోపలి సంచిలో ఉంచుకుని, గుంపులో సంచిని ముందుకు వేసుకో. బజారు కట్టేసే వేళకు నిలవ ఉండని సరుకు ధర దిగుతుంది గాని, అప్పటికి మంచివన్నీ ఏరుకుపోయి ఉంటారు. ఆ రోజే వాడుకునేవాటికి మాత్రం ఆ వేళ బాగానే ఉంటుంది.

మొదటి చుట్టు తిరిగి వచ్చాక ఏమేమి చూశావో వ్రాయి.

ఇట్లు,
నీ పెద్దమ్మ