సందేహాలు – సమాధానాలు: కాలవ కట్టేశారంటే తవ్వినట్టా, ఆపినట్టా?

సందేహం: మాది కోనసీమలో పి. గన్నవరం దగ్గర పల్లెటూరు. కాలువ వచ్చాకే మా ఊరు ఊరైంది. ఆ చరిత్ర రాస్తున్నాను. ఒక పెద్దాయన చెప్పిన మాట, 'ఏప్రిల్లో కాలవ కట్టేసేవారు' అని ఉన్నదున్నట్టు రాస్తే, హైదరాబాదులో ఉన్న మా అబ్బాయి చదివి 'ఏటా కాలవ కట్టడమేమిటి నాన్నా?' అన్నాడు. వాక్యం మార్చాలా? కాలువ, కాలవ – ఏది రాయాలి? లాకులు, అక్విడెక్టు, లస్కరు లాంటివి తీసేసి తెలుగు మాటలు వేయమని కొందరు అంటున్నారు. ఏం చేయమంటారు?

సమాధానం: వాక్యం మార్చకండి. మొదటిసారి వచ్చిన చోట 'అంటే నీళ్ళు ఆపేసేవారు' అని ఒక్క ముక్క చేర్చండి, చాలు.

'కట్టు' అనే క్రియకు నిర్మించడం ఒక అర్థం, ఆపడం, మూయడం ఇంకో అర్థం. 'ఇల్లు కట్టాడు' అన్నప్పుడు మొదటిది. 'కొట్టు కట్టేశాడు', 'కుళాయి కట్టేయి', 'రేడియో కట్టేయి' అన్నప్పుడు రెండోది. మీ అబ్బాయి కూడా ఇంట్లో 'టీవీ కట్టేయండి' అనే మాట వినే ఉంటాడు. అతణ్ణి తికమక పెట్టింది 'కట్టు' కంటే ఎక్కువగా 'కాలవ' అనుకుంటాను. డెల్టా రైతు నోట్లో కాలవ అంటే తవ్విన దారి మాత్రమే అనుకోకూడదు. అందులో పారే నీరు కూడా కాలవే. 'కాలవ వదిలారు', 'కాలవ వచ్చింది', 'శివారుకి ఇంకా కాలవ అందలేదు' – ఈ మాటలన్నింటిలోనూ కాలవ నీళ్ళే. తవ్విన దారి ఏడాది పొడుగునా అక్కడే ఉంటుంది, వచ్చేదీ పోయేదీ నీళ్ళు. జూన్‌లో కాలవ వదిలితే సార్వా, అంటే తొలి పంట వరికి నారుమళ్ళు మొదలు. దాళ్వా, అంటే రెండో పంట చేతికొచ్చాక ఏప్రిల్లోనో ఆ తర్వాతో కట్టేస్తారు. కట్టేసే ముందు మంచినీళ్ళ చెరువులు నింపుకోవాలి. కట్టేశాక పూడిక తీయాలి, లాకుల తలుపులు బాగుచేయాలి. ఊరి ఏడాది అంతా ఈ రెండు క్రియల మీదే నడుస్తుంది. 'నీటి విడుదల నిలిపివేసేవారు' అని మీరు దిద్దితే అది ఆఫీసు నోటీసు అవుతుంది. ఆ పెద్దాయన మాట అందులో ఉండదు.

ఇక చరిత్రలోకి వస్తాను, ఎందుకంటే మీ మూడో ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది. 1832–33 కరువు, 1839 ఉప్పెన గోదావరి జిల్లాను కోలుకోలేనట్టు దెబ్బతీశాయి. ఆ తర్వాతే ఆర్థర్ కాటన్ ఆలోచనతో 1847లో ధవళేశ్వరం దగ్గర పని మొదలై 1852కి ఆనకట్ట పూర్తయింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం – నదిలోని లంకల మధ్య నాలుగు ముక్కలుగా కట్టారు. మధ్య డెల్టా కాలువ బొబ్బర్లంక దగ్గర బయల్దేరుతుంది. లొల్ల లాకుల దగ్గర చీలి ఒక పాయ మీ గన్నవరం వైపు వస్తుంది.

మీ అవతల 'నగరం' అనే పేరున్న దీవి ఉంది. ఒక పక్క వైనతేయ, ఒక పక్క వశిష్ఠ – రెండూ గోదావరి పాయలే – కింద సముద్రం. చుట్టూ నీళ్ళే, కానీ సముద్రపు పోటుకి ఉప్పెక్కే నీళ్ళతో వరి పండదు. మంచి నీళ్ళు రావాలంటే కాలవ వైనతేయను దాటాలి. నది మీదుగా కాలవని దాటించే వంతెనే అక్విడెక్టు. ఆ పని 1852–53లో హేగ్ అనే ఇంజనీరు చేతి మీదుగా, 49 కమానులతో జరిగింది. దాని పక్కన 2000లో కొత్తది కట్టి, వచ్చిన వాళ్ళందరికీ అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. కాలవ నీటితో పండిన నేలలో అన్నదాత పేరు పెట్టడం ఎంతో తగిన పని.

ఆనాటి ఇంగ్లీషు రాతల్లో ఆ కట్టడం పేరు 'గన్నారం' అక్విడెక్టు. మీరు ఇప్పటికీ నోటితో గన్నారం అనే అంటారు కదా! ఊళ్ళో విన్నట్టే తెల్లవాళ్ళు రాసుకున్నారు. మీ చరిత్రలో ఈ సంగతి తప్పకుండా పెట్టండి, ఊరి ఉచ్చారణకు 170 ఏళ్ళ నాటి సాక్ష్యం దొరకడం అరుదు.

ఇప్పుడు అరువు మాటలు. తూము, గండి, బోదె, రేవు, మురుగు – ఇవి మనకి ముందునుంచీ ఉన్నవి, అవే వాడుతున్నాం. లాకు ఇక్కడ లేనిది. పై తలుపులు తెరిచి పడవను లోపలికి రానిచ్చి, అవి మూసి, నీళ్ళు కిందికి వదిలి, మట్టం సమం కాగానే దిగువ తలుపులు తెరిచి పంపే ఏర్పాటు అది. ఈ కాలవలు పంటకీ, పడవ ప్రయాణానికీ కలిపి తవ్వినవి కాబట్టి లాకులు కావలసి వచ్చాయి. వస్తువుతో పాటు పేరూ దిగింది. దిగీ దిగగానే మన ఉకారం తగిలించుకుని, లకారం చేర్చుకుని 'లాకులు' అయింది. 'లాకుల దగ్గర దిగు', 'లాకులు దాటాక కుడిపక్క' అంటూ అది విభక్తులకీ అలవాటు పడింది. ఇంతకంటే తెలుగు ఎలా అవుతుంది? లస్కరు ఇంకా దూరం నుంచి వచ్చింది: పారసీలో 'లష్కర్' అంటే సైన్యం, తర్వాత ఓడల్లో పనివాడు, మన దగ్గర తూము తలుపులు ఎత్తి దించేవాడు. రాత్రి పూట తన చేనుకి నీళ్ళు కావాలంటే రైతు వెళ్ళి తలుపు తట్టేది ఆ లస్కరు ఇంటికే. అతణ్ణి 'జలనియంత్రకుడు' చేస్తే మీ ఊళ్ళో ఎవరూ గుర్తుపట్టరు. అక్విడెక్టు కూడా అంతే, ఉంచండి.

ఆనకట్ట సంగతి దీనికి తిరుగుడు. ఇంగ్లీషువాళ్ళ 'ఆనికట్' తమిళ 'అణైక్కట్టు' నుంచి వచ్చింది. గోదావరికి రాకముందు కాటన్ కావేరి పాయ కొళ్ళిడం మీద పనిచేశాడు, ఆ మాట అప్పటికే ఇంజనీర్లకు అలవాటు. మనకు ఆనకట్ట ఉంది కాబట్టి 'ఆనికట్టు' రాయక్కర్లేదు. ఎవరైనా అలా అన్నారని చెప్పేటప్పుడు మాత్రం అలాగే రాయండి.

కాలువ, కాలవ రెండూ సరైనవే. తమిళంలో కాల్వాయ్, కన్నడంలో కాలువె ఉన్నాయి, అంటే పాత మాట. మధ్యనున్న ఉకారం పక్కనున్న అకారానికి లొంగి చిలుక చిలక అయినట్టు, ఉడుత ఉడత అయినట్టు, కాలువ కాలవ అయింది. మీ సొంత కథనంలో 'కాలువ' అని రాసి, పెద్దల మాటలు చెప్పే చోట 'కాలవ' ఉంచండి. 'కాల్వ' కూడా పత్రికల్లో కనిపిస్తుంది, తప్పు కాదు. కానీ ఒకే పుస్తకంలో మూడు రూపాలూ కలిస్తే చదివేవాడు ఇవి వేర్వేరు పేర్లేమో అని ఆగుతాడు, కాబట్టి ఆ మూడోది వదిలేయండి.