యుద్ధం భయంతో ఎఫ్‌డీ తీసి బంగారం కొనాలా?

ప్రశ్న: మాది హైదరాబాద్ సంతోష్ నగర్. బ్యాంకులో 6 లక్షల ఎఫ్‌డీ ఉంది, మ్యూచువల్ ఫండ్‌లో నెలకు 10 వేల సిప్ కడుతున్నాం. ఇంటి ఖర్చు 45 వేలు. 2025 మేలో కంచన్‌బాగ్ వైపు మాక్ డ్రిల్ సైరన్ మోగినప్పటి నుంచి ఇంట్లో ఒకటే చర్చ. ఎఫ్‌డీ తీసేసి సగం బంగారం, సగం డిఫెన్స్ షేర్లు కొనమని మా మరిది పోరు. నిజాం దేశానికి 5 టన్నుల బంగారం దానమిచ్చాడు, మనమూ ఎంతో కొంత ఇద్దామని అత్తయ్య. ఏం చేయాలి?

జవాబు: ముందు నిజాం సంగతి తేల్చేద్దాం. 1965 యుద్ధం తర్వాత మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఇచ్చింది 5 టన్నులు కాదు, 425 కిలోలు. అదీ దానం కాదు, జాతీయ రక్షణ బంగారు పథకంలో పెట్టుబడి! అప్పటి బాండ్లకు 1980లో బంగారాన్ని బంగారంగానే తిరిగిచ్చే షరతు ఉంది. దేశభక్తి లేదని కాదు, ఆయన లెక్క ఆయనకుంది. మీకూ ఉండాలి.

ఇక మీ మరిది మాట. యుద్ధంలో బంగారమే భద్రమని అందరూ అంటారు గానీ, మన దేశంలో జరిగింది వేరు. ఆయుధాలు కొనడానికి విదేశీ మారకం కావాలి, అందుకే ప్రభుత్వం చూపు ముందు బంగారం మీదే పడింది. 1962లో చైనా యుద్ధమప్పుడు ఆడవాళ్లు గాజులు తీసి రక్షణ నిధికి ఇచ్చారు. 1963 జనవరి నుంచి 14 క్యారెట్లకు మించి కొత్త నగలు చేయకూడదన్నారు. ఎందరో కంసాలుల పొయ్యి ఆరిపోయింది. బంగారం నియంత్రణ చట్టం 1990 దాకా పోలేదు. మళ్లీ అలాగే జరుగుతుందని అనను. ఉన్న నగలు ఉండనివ్వండి, ఎఫ్‌డీ విరిచి కొత్తగా కొనకండి.

అసలు దెబ్బ ధరల రూపంలో వస్తుంది. ఫ్యాక్టరీలు, డీజిల్, రైల్వే వ్యాగన్లు సైన్యం పనికి మళ్లుతాయి. జీతాలు మాత్రం నడుస్తూనే ఉంటాయి. చేతిలో డబ్బుంటుంది, అంగట్లో సరుకుండదు. ఆ మిగులు డబ్బును ప్రభుత్వం పన్నుగానో బాండ్లుగానో లాక్కోవాలి, లేకపోతే ధరలే లాక్కుంటాయి. 1963లో మన దగ్గర తప్పనిసరి పొదుపు పథకమే పెట్టారు. కాబట్టి ధరలు పెరిగినా ఇల్లు నడవాలంటే, అవసరానికి చేతికందే డబ్బే మీకు రక్ష.

మీ 6 లక్షలూ ఒకే బ్యాంకులో ఉన్నట్టున్నాయి. డిపాజిట్ బీమా ఒక్కో బ్యాంకుకు వడ్డీతో కలిపి 5 లక్షల వరకే. 2 లక్షల చొప్పున మూడు ఎఫ్‌డీలు చేసి, ఒకటి వేరే బ్యాంకులో వేయండి. అవసరమైతే ఒకటి విరిస్తే చాలు, మిగతావి కదలవు. వాటిలో 2.7 లక్షలు ఆరు నెలల ఖర్చుకని లెక్కలో పక్కన పెట్టుకోండి. ఇంట్లో ఓ పది, పదిహేను వేల నగదు ఉంచుకోండి, ఫోన్‌పే పనిచేయని రోజు పాలవాడికి ఇవ్వడానికి. అంతకు మించి వద్దు. 2025 మేలో ఏటీఎంలు మూసేస్తారన్న వాట్సాప్ పుకారు అబద్ధమని ప్రభుత్వమే చెప్పింది.

సిప్ ఆపకండి. 1999 కార్గిల్ యుద్ధం మొదలైనప్పటి కన్నా ముగిసేనాటికి సెన్సెక్స్ పైనే ఉంది.

డిఫెన్స్ షేర్లంటారా? క్షిపణులు చేసే భారత్ డైనమిక్స్, ప్రత్యేక లోహాలు చేసే మిధాని మన కంచన్‌బాగ్‌లోనే ఉన్నాయి, మంచి కంపెనీలే. కానీ కొనేది ప్రధానంగా ప్రభుత్వమే, ఆర్డరు డబ్బుగా మారడానికి ఏళ్లు పడుతుంది. సైరన్ మోగాక కొనేవాడికి ధర అప్పటికే పెరిగిపోయి ఉంటుంది. మీ మరిదికి అంత నమ్మకముంటే తన డబ్బుతో కొనుక్కోమనండి.

ఇంకో పని, ఇది ఎవరూ చేయరు: ఇంటి బీమా, ప్రమాద బీమా కాగితాలు తీసి చూడండి. యుద్ధం వల్ల కలిగే నష్టాన్ని చాలా పాలసీలు మినహాయిస్తాయి.

అత్తయ్యగారి కోరిక కూడా తీర్చండి, నగలు ముట్టకుండా. ఎఫ్‌డీ వడ్డీలోంచి ఏటా ఎంతో కొంత జాతీయ రక్షణ నిధికి ఆమె పేరు మీదే పంపండి. ఆమె పాత పన్ను విధానంలో ఉంటే ఇచ్చిన మొత్తానికీ మినహాయింపు వస్తుంది, కొత్త విధానంలో రాదు.