ఎలుక ఎందుకు ఆగిందో తేల్చుకో

చిరంజీవికి ఆశీస్సులు.

ఉత్తేజపరిచే మందైన ఆంఫెటమైన్ ఇచ్చిన ఎలుకల పరుగును, స్కిజోఫ్రీనియా వంటి మనోవ్యాధులకు వాడే హాలోపెరిడాల్ ఎంతవరకు ఆపుతుందో మొదట చూస్తానని రాశావు. మంచి ఆరంభమేనమ్మా. అయితే ఎలుక ఎందుకు ఆగిందో తేల్చుకోకుండా మందు పనిచేసిందని మాత్రం రాయకు.

ఆంఫెటమైన్ నాడీకణాల నుంచి డోపమైన్ అనే సందేశవాహక రసాయనాన్ని బయటికి రప్పిస్తుంది. అపోమార్ఫిన్ అనే మరో మందు, డోపమైన్ సందేశాన్ని అందుకునే గ్రాహకాలకు తానే అతుక్కుని వాటిని ప్రేరేపిస్తుంది. డోపమైన్ తయారీని అడ్డుకునే మందు మొదటిదాని ప్రభావాన్ని తగ్గిస్తుందే తప్ప రెండోదాన్ని ఆపలేదు. హాలోపెరిడాల్ రెండింటినీ ఆపుతుంది కనుక అది గ్రాహకం దగ్గరే అడ్డుపడుతోందని చెప్పగలం. అందుకే వీలైతే రెండు మందులతోనూ ప్రయోగం చెయ్యి. 1963లో స్వీడన్ శాస్త్రవేత్తలు కార్ల్‌సన్, లిండ్‌క్విస్ట్ హాలోపెరిడాల్ వంటి మందులు ఇచ్చిన చిట్టెలుకల మెదడులో డోపమైన్ విచ్ఛిన్న పదార్థాలు పెరగడం గమనించి, గ్రాహకాలు మూసుకుపోవడం వల్లనే నాడీకణాలు మరింతగా శ్రమిస్తున్నాయని ఊహించారు. పరోక్షమైన ఆధారం నుంచి అంత దూరం చూడగలగడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

కదలికలను లెక్కించే యంత్రాన్ని ఒక్కదాన్నే నమ్మకు. ఆంఫెటమైన్ తక్కువ మోతాదులో ఎలుక బోను అంతా తిరుగుతుంది. మోతాదు పెరిగితే ఒకే చోట నిలిచి వాసన చూస్తూ, నాకుతూ, కొరుకుతూ ఉండిపోతుంది కాబట్టి లెక్క పడిపోతుంది. ఆ స్థితిలో కొద్దిగా హాలోపెరిడాల్ ఇస్తే, ఆ పునరావృత చేష్టలు సడలి లెక్క పెరగవచ్చు కూడా. అపోమార్ఫిన్ అతి తక్కువ మోతాదులో, డోపమైన్ విడుదలను నియంత్రించే గ్రాహకాల మీద పనిచేసి, కదలికను తగ్గిస్తుంది. కాబట్టి ఏ ఎలుకకు ఏ మందు ఇచ్చారో తెలియని మనిషిని పక్కన కూర్చోబెట్టి, చేష్టలను కళ్లతో చూసి రాయించు.

తరువాత చేయవలసినది షాక్ నుంచి తప్పుకునే పరీక్ష. దీని గురించి కొంచెం ఎక్కువగా చెబుతాను, ఎందుకంటే నేను దెబ్బతిన్నది ఇక్కడే. హెచ్చరిక శబ్దం వినగానే పక్క గదిలోకి వెళ్లడం నేర్చుకున్న ఎలుక, తగిన మోతాదులో మందు పడితే, శబ్దాన్ని పట్టించుకోకుండా కూర్చుంటుంది. కానీ స్వల్పమైన షాక్ తగలగానే పారిపోతుంది. అంటే కాళ్లు ఆడుతున్నాయి, హెచ్చరికకు ఉన్న పట్టే సడలింది. ఇదే కోవకు చెందిన పాత మందు క్లోర్‌ప్రోమజిన్‌లో ఈ గుణాన్ని 1950ల తొలినాళ్లలోనే గుర్తించారు. నా మొదటి ప్రయోగంలో తప్పుకోవడం పూర్తిగా ఆగిపోయిందని సంబరపడ్డాను. షాక్ తగిలాక ఎన్ని పారిపోయాయని మా ఆచార్యులు అడిగితే నా దగ్గర లెక్క లేదు. మళ్లీ చూస్తే సగం ఎలుకలు బిగుసుకుపోయి ఉన్నాయి. మూడు నెలల శ్రమ వృథా అయింది.

అందుచేత ఎలుక బిగుసుకుపోయిందేమో తెలుసుకోవడానికి, ప్రతి మోతాదు దగ్గరా దాని ముందుకాళ్లను అడ్డకమ్మీ మీద ఉంచి, ఎంతసేపటికి దించుకుంటుందో కొలువు. డి2 అనే రకం డోపమైన్ గ్రాహకాలలో సుమారు 65 నుంచి 80 శాతం వరకు మూసుకున్నప్పుడు తప్పుకోవడం తగ్గుతుంది, 80 శాతం దాటితే బిగుసుకుపోవడం కనిపిస్తుంది. ఈ ఇరుకు సందులోనే నీ మోతాదు ఉండాలి. ఇదే కోవలోని మరో మందు క్లోజపిన్‌ను కూడా పోల్చి చూడు: అది తప్పుకోవడాన్ని ఆపుతుంది, బిగుసుకుపోయేలా మాత్రం దాదాపు చేయదు, అపోమార్ఫిన్ చేష్టల మీద దాని ప్రభావం బలహీనం. ఒక్క పరీక్షనే కొలబద్దగా పెట్టుకున్నవారి చేతిలో అలాంటి మందు జారిపోతుంది.

ఎలుక శరీరం హాలోపెరిడాల్‌ను మనిషికన్నా చాలా త్వరగా వదిలించుకుంటుంది. రోజుకొక ఇంజెక్షన్ ఇచ్చి దీర్ఘకాల చికిత్స అనుకోవద్దు. అందుకు చర్మం కింద అమర్చే చిన్న పంపు కావాలి. అపోమార్ఫిన్ ద్రావణం గాలి తగిలితే ఆకుపచ్చగా మారి పాడవుతుంది, ఏ రోజుకారోజు కలుపుకో. ఎలుకలను ముందుగా బోనుకు అలవాటు పడనివ్వు; షాక్ పని జరిగేంత స్వల్పంగానే ఉండాలి, నైతిక సంఘం అనుమతించినదాన్ని ఎన్నడూ మించవద్దు.

మొదటి విడత ఫలితాలు వచ్చాక నాకు పంపు. షాక్ తగిలాక పారిపోయిన ఎలుకల పట్టికను తప్పక జతచెయ్యి.