కారు గుద్దింది, ఆస్పత్రి కాగితంలో ‘బండి జారి పడ్డాడు’ అని ఉంది. పరిహారం వస్తుందా?

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా. బెంగళూరు మారతహళ్లిలో ఉంటూ ఫుడ్ డెలివరీ చేస్తున్నాను. వయసు 34. నలభై రోజుల కిందట సర్వీసు రోడ్డులో వెళ్తుంటే పక్క సందులోంచి వచ్చిన కారు గుద్దింది. కుడికాలు మోకాలి కింద ఎముక విరిగితే ప్లేటు వేశారు. కారాయనే ఆస్పత్రిలో చేర్చి, ఫోన్‌కు 20,000 పంపి, ‘కేసు వద్దు, ఖర్చంతా నేను చూసుకుంటా’ అన్నాడు. ఇప్పుడు ఫోన్ ఎత్తడం లేదు. ఆస్పత్రి కాగితంలో ‘బండి జారి పడ్డాడు’ అని ఉంది. నా లైసెన్సు గడువు కూడా అయిపోయింది. ఇప్పుడు కేసు పెట్టొచ్చా? మా ఊళ్లో పెట్టుకోవచ్చా? ఎంత రావొచ్చు?

జవాబు: పెట్టొచ్చు. మీ లైసెన్సు గురించి బెంగ వద్దు. దెబ్బ తిన్నవాడికి లైసెన్సు లేనంత మాత్రాన తప్పులో వాటా అంటగట్టకూడదని 2008లోనే సుప్రీం కోర్టు చెప్పింది. దానికి చలానా వేస్తే వేరే సంగతి. మిమ్మల్ని ఇబ్బంది పెట్టేది ఆ ‘జారి పడ్డాడు’ అన్న ఒక్క ముక్క. ‘తనే పడ్డాడు, బీమా ఉన్న కారు చూసుకుని తర్వాత ఇరికించారు’ అన్నదే కారు ఇన్సూరెన్స్ కంపెనీ మొదటి వాదన అవుతుంది. మీ పనంతా దాన్ని ముందే తిప్పికొట్టేలా కాగితాలు కూడగట్టడమే.

ముందు ఫిర్యాదు. ప్రమాదం జరిగిన ప్రాంతపు ట్రాఫిక్ పోలీస్ స్టేషన్‌లో రాతపూర్వకంగా ఇవ్వండి. ఎఫ్ఐఆర్ ఆలస్యమైందన్న ఒక్క కారణంతో పరిహారం పిటిషన్ కొట్టేయకూడదని సుప్రీం కోర్టు 2011లో చెప్పింది గానీ, ఆలస్యానికి నమ్మదగ్గ కారణం మీరు చూపాలి. ఆపరేషన్, మంచం మీద ఉండటం, కారాయన ఇచ్చిన మాట ఇవన్నీ తేదీలతో రాయండి. ఆస్పత్రిలో ‘జారి పడ్డాడు’ అని చెప్పిందెవరో, ఎందుకో కూడా ఫిర్యాదులోనే ఉండాలి. దాచిపెడితే క్రాస్ ఎగ్జామినేషన్‌లో బయటపడుతుంది, అప్పుడు మీరు చెప్పిన నిజాలు కూడా అబద్ధాల్లా కనబడతాయి. స్టేషన్‌లో తీసుకోకపోతే అదే ఫిర్యాదును ట్రాఫిక్ డీసీపీకి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. అక్కడా కదలకపోతే మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లొచ్చు.

ఆ 20,000 మీకు దొరికిన మంచి సాక్ష్యం. గుద్దనివాడు ఆ రోజే డబ్బెందుకు పంపాడు? బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఆ వరుస, కాల్ లిస్టు, వాట్సాప్ మెసేజీలు భద్రంగా ఉంచండి. ఫోన్ మార్చకండి, చాట్ చెరపకండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ కావాలి, అది లాయరు తయారు చేస్తారు. ఆ సమయానికి మీరు ఆ రోడ్డు మీదే ఉన్నారని మీ డెలివరీ యాప్‌లోని ట్రిప్ రికార్డు చెబుతుంది. దాన్ని ఇప్పుడే తీసుకోండి, ఐడీ ఆగిపోతే దొరకదు. మీ బండి ఇంకా రిపేరు చేయించకపోతే అలాగే ఉంచి, దెబ్బ పక్కనుంచి తగిలిందని తెలిసేలా ఫొటోలు తీయండి. దుకాణాల సీసీటీవీలో పాత రికార్డింగు మీద కొత్తది పడుతుంటుంది. నలభై రోజులకు మిగలకపోవచ్చు, అయినా వెతకమని ఫిర్యాదులో రాయండి.

ఆస్పత్రి రికార్డు దిద్దమని ఎవరినీ అడగొద్దు. దిద్దిన కాగితం అసలు కాగితం కన్నా ప్రమాదం. అంబులెన్స్‌లో వెళ్లి ఉంటే ఆ రికార్డు, క్యాజువాలిటీలో రాసిన మొదటి నోటు, ఎంఎల్‌సీ రిజిస్టరు (పోలీసులకు తెలపాల్సిన గాయాలు రాసే పుస్తకం) నకలు అడిగి తీసుకోండి. డిశ్చార్జ్ సమ్మరీలో ఒకటి, క్యాజువాలిటీ నోటులో ఇంకొకటి ఉండటం అరుదేమీ కాదు.

గడువు సంగతి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 166 కింద ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు క్లెయిమ్ వేయాలి. 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న నిబంధన ఇది. దీన్ని సుప్రీం కోర్టులో సవాలు చేసినవాళ్లున్నారు గానీ, ఆ ధైర్యంతో మీరు ఆలస్యం చేయకండి. ఛార్జిషీటు వచ్చేదాకా ఆగనక్కర్లేదు.

ఊళ్లోనూ మీ నివాసం ఉందని చూపగలిగితే అక్కడా వేయొచ్చు, మీరు నివసించే చోటి ట్రిబ్యునల్‌కు (ప్రమాద పరిహారం కేసులు విచారించే కోర్టు) కూడా అధికారం ఉంది. అయినా బెంగళూరే నయం. ఇక్కడ స్మాల్ కాజెస్ కోర్టు జడ్జీలే ఈ కేసులు విచారిస్తారు. మీకు ఆపరేషన్ చేసిన డాక్టరు సాక్ష్యం ఇక్కడ తేలిక. పోలీసు మహజరు (ప్రమాద స్థలం పంచనామా), స్కెచ్, వాహనాలను పరీక్షించే బ్రేక్ ఇన్‌స్పెక్టరు రిపోర్టు కన్నడంలో ఉంటాయి. అనంతపురంలో వేస్తే వాటన్నింటికీ అనువాదం కావాలి. మీకు కన్నడం వచ్చినా కోర్టుకు రావాలి కదా!

ఇక లెక్క. 34 ఏళ్లకు గుణకం (ఏడాది నష్టాన్ని వయసును బట్టి ఎంతతో గుణించాలో చెప్పే అంకె) 16. జీతం కాక సొంతంగా పని చేసుకుని సంపాదించే నలభై లోపువారికి భవిష్యత్తు పెరుగుదల కింద 40 శాతం కలుపుతారు. పెట్రోలు పోను నెలకు 22,000 మిగులుతోందని, పని చేసే శక్తి 15 శాతం తగ్గిందని అనుకుందాం. 22,000కు 40 శాతం కలిపితే 30,800. దాన్ని 12తో, 16తో గుణిస్తే వచ్చేదాంట్లో 15 శాతం 8,87,040. ఆదాయానికి రుజువు లేక ట్రిబ్యునల్ 15,000 అంచనా వేసుకుంటే అదే కాలికి 6,04,800. అందుకే యాప్ చెల్లింపులు పడిన ఏడాది బ్యాంకు స్టేట్‌మెంట్ తప్పక పెట్టండి.

ఆ 15 శాతమే అసలు పోరాటం. డాక్టరు కాలికి 40 శాతం వైకల్యం అని రాస్తే, కర్ణాటకలో మామూలుగా అందులో మూడో వంతునే మొత్తం శరీరానికి లెక్కిస్తారు. కానీ చూడాల్సింది పని మీద ఆ వైకల్యం ప్రభావం అని 2010 నాటి సుప్రీం కోర్టు రాజ్‌కుమార్ తీర్పు చెప్పింది. ఆఫీసులో కూర్చుని పనిచేసేవాడికీ, రోజంతా బండి నడిపి మెట్లెక్కే మీకూ ఒకేలా ఎముక విరిగినా నష్టం ఒకటి కాదు. ‘బరువు మోయలేడు, కింద కూర్చోలేడు, ఎక్కువసేపు బండి నడపలేడు’ అన్న మాటలు డాక్టరు సాక్ష్యంలో రావాలి. ఎముక పూర్తిగా అతికాకే ఈ పరీక్ష చేయించుకోండి.

ఇది కాక ఆస్పత్రి బిల్లులు, పని పోయిన నెలల ఆదాయం, నొప్పికీ బాధకూ, మనిషి తోడు ఖర్చు, ప్లేటు తీయించే ఆపరేషన్ ఖర్చు ఉంటాయి. ఆఖరిదానికి డాక్టరు రాసిచ్చిన అంచనా పెట్టకపోతే ఇష్టమొచ్చినంత వేస్తారు. మందుల షాపు చీటీ కూడా పారేయకండి. థర్మల్ ప్రింటు వెలిసిపోతుంది కాబట్టి ఇప్పుడే జెరాక్స్ తీసి, అసలుతో కలిపి ఉంచండి. కారాయన ఇచ్చిన 20,000 గురించి పిటిషన్‌లో మీరే చెప్పండి. యాప్ కంపెనీ ప్రమాద బీమా ఉంటే అది వేరు, రెండూ అడగొచ్చు. దాని గడువు పాలసీలో చూసుకోండి, తరచుగా చాలా తక్కువ ఉంటుంది.

ఆస్పత్రి దగ్గర ‘ఇంత శాతానికి కేసు చూస్తాం’ అంటూ వచ్చేవాళ్లకు ఖాళీ వకాలత్ మీద సంతకం చేయకండి. వచ్చే పరిహారంలో వాటా ఫీజుగా మాట్లాడుకోవడం లాయర్లకు బార్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం నిషిద్ధం. లోక్ అదాలత్‌లో రాజీ మాట వస్తే వైకల్య పరీక్ష అయ్యాకే ఆలోచించండి, అక్కడ సంతకం పెట్టాక అప్పీలు ఉండదు.